కూర్మమ్మ ఎంగిలి పట్టింపు

మా మామ్మ కూర్మమ్మకి అందరిలాగే ఒక ఇంటిపేరు ఉండేది. అది ఎవరికీ గుర్తులేదు. బాగన్ దాతుక్ దారిలో ఉన్న ఆ కొబ్బరి తోటలో ఎవర్ని అడిగినా చెప్పే పేరు ఒకటే, ఎంగిలి కూర్మమ్మ.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరి గ్లాసులోనూ ఆమె నీళ్లు తాగేది కాదు. తన గ్లాసు ఎవరికీ ఇచ్చేది కాదు. పెళ్లికి వెళ్లినా చావుకి వెళ్లినా సంచిలో సొంత గ్లాసు ఉండాల్సిందే. చెంబు ఎత్తి నీళ్లు పోసుకునేటప్పుడు చెంబుకీ పెదవికీ మధ్య జానెడు ఖాళీ ఉండేది. ఆ జానెడు దారిలో ఒక్క చుక్క పక్కకి తప్పేది కాదు. లయన్ల ముందు, అంటే కూలీల ఇళ్ల వరసల ముందు, ఆడుకునే పిల్లలు ఆట ఆపేసి, తమ నోళ్లు కూడా తెరిచి, ఆ ధార వంకే చూస్తూ నిలబడేవాళ్లు.

పక్కింటి మరిడమ్మకి నోరు ఊరుకోదు. ఒకరోజు పదిమందిలో అడిగేసింది. "ఓలె కూర్మీ, నీ మొగుడు ముద్దెలాగ ఎడతాడే? అదీ జానెడు ఎత్తు నించేనేటి?"

కూర్మమ్మ సిగ్గుపడకుండా, "అందుకే కదే ఇద్దరు పిల్లల దగ్గిర ఆగిపోయినాను" అంది. కొబ్బరి ఎండబెట్టే కళ్లమంతా నవ్వులే నవ్వులు. ఆ మొగుడు పైడయ్య కూడా సిగ్గులేకుండా నవ్వాడట. అది ఆయన బతికున్న రోజుల మాట.

కూర్మమ్మది ఆయా కొట్టాయిలో పని. తల్లులు తెల్లవారకముందే కొబ్బరికాయలు పోగెయ్యడానికి పోతూ పసిపిల్లల్ని వదిలిపెట్టే తాటాకు పాకని అక్కడ ఆయా కొట్టాయి అంటారు. ఇరవై ఏడుగురు పసివాళ్లు, ఇరవై ఏడు పాలడబ్బా గ్లాసులు. డబ్బా డబ్బాకీ చెవికి ఒక రంగు దారం. సుప్పయ్య మనవరాలిది ఎరుపు, మునియాండి కొడుకుది పసుపులో రెండు ముడులు, కవలపిల్లలది ఒకటే నీలం కానీ ఒకరికి ముడి పైన, ఒకరికి కింద. కూర్మమ్మకి అక్షరం ముక్క రాదు. ఆ ఇరవై ఏడు దారాలూ మాత్రం ఆమె ఏనాడూ తడుముకోలేదు. ఒక పిల్లాడు పాకుతూ వెళ్లి పక్కవాడి డబ్బా మూతికి ఆనించుకున్నాడంటే పాలు పారబోయాల్సిందే. ఆ డబ్బాని పొయ్యిలోని బూడిదా, చింతపండూ వేసి కొబ్బరిపీచుతో తోమి, నిప్పు మీద ఒకసారి తిప్పితే గాని మళ్లీ వరసలోకి రానిచ్చేది కాదు.

అవి తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. లయన్ల చుట్టూ ముళ్లకంచె, ఒకటే గేటు, గేటు దగ్గర తుపాకీ. బియ్యం కొలిచి ఇచ్చేవాళ్లు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి అందుతుందని గుప్పెడు గింజలైనా కంచె దాటనిచ్చేవాళ్లు కాదు. అలాంటి కాలంలో పాలు నేలపాలు చేస్తోందని తల్లులు గోలపెట్టేవాళ్లు. కాని ఆ కొట్టాయిలో పిల్లలకి పక్క తోటల్లో పిల్లలకి వచ్చినన్ని విరేచనాలు ఎందుకు రావో ఎవరూ ఆలోచించలేదు. కూర్మమ్మ కూడా ఆలోచించలేదు. ఎంగిలి తగల్లేదు, అంతే.

తన పట్టింపు మీద కూర్మమ్మ తానే నవ్వుకోవడం మాత్రం ఆరేళ్ల కిందటే ఆగిపోయింది. పైడయ్యకి పన్ను నొప్పి వచ్చింది. ఆదివారంనాడు మొగుడూ పెళ్లాలిద్దరూ బాగన్ దాతుక్ బజారుకి వెళ్లారు. అక్కడ గొడుగు కింద ఒకడు తాను పీకిన పళ్లన్నీ గుడ్డ మీద ముగ్గులా పరిచి కూర్చునేవాడు. పైడయ్య కంటే ముందున్న మనిషి నోట్లోంచి పట్టకారు బయటికి తీసి, మోకాలి మీద లుంగీకి ఇటూ అటూ రెండుసార్లు రాసి, పైడయ్యని నోరు తెరవమన్నాడు.

"కడగమను" అంది కూర్మమ్మ.

"ఊరుకోలె, నవ్వుతారు" అన్నాడు పైడయ్య.

అంతకుమించి ఆమె పట్టుబట్టలేదు. మూడో రోజుకి దవడ వాచింది. వాపు మెడలోకి దిగింది. గుటక పడలేదు, తర్వాత ఊపిరి ఆడలేదు. పది రోజులు తిరక్కుండా పైడయ్య పోయాడు. గాలి తగిలిందన్నారు కొందరు, అమ్మవారికి మొక్కు బాకీ అన్నారు ఇంకొందరు. కూర్మమ్మ ఎవరితోనూ వాదించలేదు. ముందున్న మనిషి ఎంగిలి ఆ ఇనుము పట్టుకుని తన మొగుడి నోట్లోకి నడిచి వెళ్లడం ఆమె కళ్లారా చూసింది.

ఇప్పుడు, మెర్డేకా, అంటే స్వతంత్రం, మూడు వారాల్లో వస్తుందనగా, పదేళ్ల కూతురు పాపాయికి అదే వైపు దవడ వాచింది.

కూర్మమ్మ లవంగం నూరి పెట్టింది. ఉప్పునీళ్లు పుక్కిలించమంది. పొద్దుటికి గోలీకాయంత ఉన్న వాపు సాయంత్రానికి నిమ్మకాయంత అయింది. ఒళ్లు కాలిపోతోంది. తోట ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సరు లాంతరు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది నా వల్ల కాదు. పన్ను తియ్యాలి. గురువారం తెలుక్ ఆన్సన్ నుంచి పళ్ల మిస్సి వస్తుంది. ఆరోజు తియ్యకపోతే వాపు మెడలోకి దిగుతుంది."

మెడలోకి దిగడమంటే ఏమిటో కూర్మమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తియ్యకపోతే మెడలోకి దిగుతుంది. తీస్తే? పదిమంది నోళ్లలో తిరిగిన పట్టకారు పిల్ల నోట్లోకి వెళుతుంది. అప్పుడూ మెడలోకే దిగుతుంది. రెండు దారులూ ఒకే చోటికి పోతున్నట్టు కనిపించాయి. గురువారం పొద్దున్నే పాపాయిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో ఒక మూట పట్టుకుని బయల్దేరింది.

గేటు దగ్గర కాపలా మారియప్పన్‌ది. తమిళం వాడైనా లయన్లలో తెలుగువాళ్ల మధ్య పెరిగినవాడు. మూట విప్పమన్నాడు.

"ఏటక్కా ఇది?"

"బూడిద."

మారియప్పన్ డబ్బాలో వేలు పెట్టి చూశాడు. వేలు వాసన చూశాడు. "అడవిలో ఆళ్లకి బూడిద మోస్తన్నావేటి?"

"తింటారేటో అడిగి సెప్పు. రేపు బస్తా తెస్తాను."

"ఇదేటి మరి?"

"సింతపండు."

"ఇది తినేది. తినేది కంచె దాటకూడదక్కా."

"తినడానికి కాదురా, తోమడానికి."

"నువ్వు తోముతావు. ఆళ్లు తింటారు. సాయంత్రం వొచ్చి తీసుకో." చింతపండు ఉండని ఆకులో చుట్టి, ప్రభుత్వం సొత్తులా జాగ్రత్తగా చూరులో పెట్టాడు మారియప్పన్. తర్వాత పాపాయి మొహం చూసి గొంతు తగ్గించాడు. "బేగి ఎల్లక్కా. గుంట సెంప అలగ వాసిపోయిందేటి?"

బడి కంచె బయట, ఆఫీసు పక్కన ఉంది. దాని వసారా ముందు ఒక చిన్న లారీ ఆగి ఉంది. వసారాలో మడత కుర్చీ, తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, కిరసనాయిలు స్టవ్వు మీద మూతపెట్టిన ఇనుప పెట్టె. ఆ పెట్టె సందుల్లోంచి ఆవిరి బుసలు కొడుతోంది. వీటన్నిటి మధ్యా ఒక తెల్లని మనిషి.

ఆ మిస్సి, అంటే నర్సమ్మ, పేరు పూంగొడి. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. పినాంగ్‌లో పిల్లల పళ్ల వైద్యం చదువుకుని వచ్చింది. తెల్ల గౌను, తెల్ల టోపీ, తెల్ల గుడ్డ బూట్లు. ఇరవై మైళ్ల దుమ్ములో లారీలో వచ్చి కూడా ఆ తెలుపు ఎలా నిలిచిందో కూర్మమ్మకి అంతుపట్టలేదు. దొరసాని చీటిగౌను చూసింది, చర్చి ఫాదరు అంగీ చూసింది, ఇలాంటి తెలుపు ఎరగదు. ఆడపిల్ల, అందులోనూ మన రంగు పిల్ల, ఇంతమంది మధ్య ఆ తెలుపులో నిలబడి, ఏ మగాడినీ అడక్కుండా ఆజ్ఞలు వేస్తోంది.

"స్టవ్వు చూసుకోడానికీ, నీళ్లు పట్టడానికీ ఒకరు కావాలి" అంది మిస్సి తమిళంలో. తోటలో తెలుగువాళ్లందరికీ తమిళం వచ్చు.

కూర్మమ్మ అప్పటికే బాల్చీ అందుకుంది.

మరిడమ్మ తన గుంటడిని ఎత్తుకుని వరసలో ఉంది. "ఆయమ్మని ఎట్టుకోకండి మిస్సీ! తిన్నగా ఉండదు. మిమ్మల్ని కూడా బూడిదేసి తోమేస్తాది" అని అరిచింది. వరసంతా నవ్వింది. ఆ వేళాకోళం ఏమిటో తెలియకపోయినా మిస్సి కూడా నవ్వింది.

పాపాయిది ఏడో వంతు. కూర్మమ్మ స్టవ్వు దగ్గర గొంతుక్కూర్చుని, తన మొగుడు పోయిన నాటినుంచీ చూడాలనుకున్నదంతా రెప్పవెయ్యకుండా చూసింది.

మిస్సి ఒక పిల్లాడి నోట్లోంచి తీసిన పనిముట్టుని లుంగీకి రాయలేదు. అసలు దేనికీ రాయలేదు. ఒక బేసినులో వేసింది. సబ్బునీళ్లలో చిన్న బ్రష్షుతో పళ్ల సందులు తోమినట్టు తోమింది. తర్వాత ఆవిరి పెట్టెలో వేసి చేతి గడియారం చూసుకుంది. ఆ తర్వాత పొడుగాటి చిమటాతో ఒక్కొక్కటీ తీసి, తెల్లగుడ్డ పరిచిన పళ్లెంలో పెట్టి, పైన ఇంకో తెల్లగుడ్డ కప్పింది. చిన్న అద్దం, వంకర ముల్లు, పట్టకారు, సూది. అన్నీ నిద్రపోతున్న పసివాళ్లలా గుడ్డ కింద వరసగా ఉన్నాయి. కూర్మమ్మ గుండెలో ఏళ్లుగా బిగిసిన ముడి ఏదో కొంచెం వదులైంది.

అంతలోనే మళ్లీ బిగుసుకుంది. మిస్సి నీళ్లు మార్చడంలేదు.

మొదటి పిల్లాడి ఇనుము మరిగిన నీళ్లలోనే రెండోవాడిదీ మరిగింది. మూడోదానిదీ అందులోనే. ఇంతమంది నోళ్లలో తిరిగిన ఇనుమంతా ఒకే పెట్టెలో ఉడుకుతోంది. కూర్మమ్మ లెక్కలో అది ఎంగిలి చారు. చింతపండు ఎంతసేపు మరిగించినా పులుపు ఎక్కడికైనా పోతుందా? కుండలో వేసింది కుండలోనే ఉంటుంది కదా.

"ఈ నీళ్లు మార్సరా మిస్సీ?"

"సలసల మరుగుతున్నాయి కదక్కా. చాలు" అంది మిస్సి, ఒక నోట్లోంచి తల ఎత్తకుండానే.

చాలు అన్న మాట కూర్మమ్మకి చాలలేదు. మూటలో బూడిద ఉండనే ఉంది. చింతపండు మారియప్పన్ దగ్గరుంటేనేం, బడి పక్కన బెలింబింగ్ చెట్టుకి పుల్లటి పచ్చికాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. తోమడానికి అవి చింతపండు కంటే మేలు.

పాపాయి వంతు వచ్చింది. మిస్సి పిల్ల బుగ్గ తడిమి, మొహంలో నవ్వు తీసేసి, చిగురుకి సూదిమందు వేసింది. "ఇది మొద్దుబారాలి. కదలకు బంగారం. అమ్మా, పిల్లని చూస్తుండు" అని, తర్వాత వంతు పిల్లల నోళ్లు చూసి పేర్లు రాసుకోవడానికి వసారా ఆ చివరికి వెళ్లింది.

పాపాయి కోసం పెట్టిన పనిముట్లు గుడ్డ కింద ఉన్నాయి. వరసంతా ఆ చివర మిస్సి చుట్టూ మూగింది, ఇటు చూసేవాళ్లు ఎవరూ లేరు. కూర్మమ్మ పళ్లెం ఎత్తుకుని వసారా వెనక్కి జారుకుంది. బూడిద, పుల్లకాయ, కొబ్బరిపీచు. పట్టకారు దవడలు, అద్దం కాడ, ముల్లు వంకర, ఒక్క సందు వదల్లేదు. ఆరేళ్ల కిందట తోమించలేకపోయిన ఆ పట్టకారుని కూడా కలిపి తోమినట్టు తోమింది. చూరు కింద కుండలోని వాననీళ్లతో కడిగింది. కొంగుతో తడి లేకుండా తుడిచి, వెనక్కి తెచ్చి, ఉన్నట్టే వరసలో పెట్టి గుడ్డ కప్పింది. మరిగినప్పటి కంటే ఇప్పుడు అవి బాగా మెరుస్తున్నాయి. కుర్చీ పక్కన నిలబడి, పళ్లెం వంక చూసుకుని లోలోపల మురిసిపోయింది. మనిషికి తన పని మీద తనకి అంత నమ్మకం ఉండడం కూడా ఒక వింతే.

మిస్సి తిరిగొచ్చింది. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. గోళ్ల సందులు బ్రష్షుతో తోమింది. తువ్వాలు అందుకోలేదు. రెండు చేతులూ ముందుకి ఎత్తి పట్టుకుని, దేవుడికి హారతి పళ్లెం పట్టినట్టు, గాలికే ఆరనిచ్చింది. అంత కడిగిన చేతులతో కూడా గుడ్డ కిందవి ముట్టుకోలేదు. మందునీళ్ల సీసాలోంచి చిమటా తీసి, దాంతో అద్దం అందుకోబోయింది.

అద్దం కాడ ఆమె గౌను చేతి అంచుకి తగిలింది. తగిలిందో లేదో అన్నట్టు, ఈగ వాలినంత. మిస్సి ఏమీ అనుకోకుండా ఆ అద్దాన్ని తీసుకెళ్లి ఎంగిలి బేసినులో పడేసింది.

"దానికేటయింది మిస్సీ?" అంది కూర్మమ్మ.

"గౌను తగిలింది."

"ఉతికిన గౌనే కదా?"

"ఉతికిందే అక్కా. మరిగింది కాదుగా."

కూర్మమ్మకి జన్మలో మొట్టమొదటిసారి తనని మించిన పట్టింపు గల మనిషి ఎదురైంది. ఈ పిల్ల మల్లెపువ్వులాంటి తన గౌనునే ఎంగిలి అంటోంది. రెండుసార్లు కడిగిన తన చేతుల్నే నమ్మడంలేదు. కూర్మమ్మ చూపు మెల్లగా కిందికి, తన కొంగు మీదికి దిగింది. నిన్న కొట్టాయిలో ముక్కు చీదిన కొంగు. ఒకటా, ఇరవై ఏడు ముక్కులు. పాలు కక్కిన మూతులు. ఆ కొంగుతో తుడిచిన పట్టకారే ఇప్పుడు చిమటా కొసన పైకి లేచి, మిస్సి చేతిలోకి మారి, పాపాయి నోటి వైపు వస్తోంది.

ఊరుకుంటే ఎవరికీ తెలీదు. నోరు విప్పితే, వరసలో మరిడమ్మ ఉంది, తోటంతా ఉంది, పదేళ్లు సరిపడా నవ్వులున్నాయి. కాని ఊరుకోవడం అంటే ఏమిటో ఆమె ఒకసారి బాగన్ దాతుక్ బజార్లో చూసింది.

"ఆపండి!"

ఆ అరుపుకి లారీ డ్రైవరు సహా అందరూ ఇటు తిరిగారు.

"దాన్ని ఎట్టకండి మిస్సీ. నాను తోమేసినాను."

"ఏం చేశావు?"

"బూడిదెట్టి తోమినాను. అందరి ఎంగిలీ ఒకే నీళ్లల్లో ఉడుకుతోందని."

మిస్సి పట్టకారుని పాపాయి నోటికి దూరంగా జరిపింది. "ఏ బూడిద?"

"పొయ్యిలోది."

"కడిగిన నీళ్లు?"

"కుండలో వాననీళ్లు."

"తుడిచింది?"

కూర్మమ్మ కొంగు చూపించింది. ఆ కొంగు మీద ఉన్న మరకలన్నిటినీ మిస్సి ఒక్కొక్కటిగా చదివింది. కళ్లు మూసుకుంది, తెరిచింది. "ఒక్కటే ముట్టుకున్నావా, అన్నీనా?"

"అన్నీ. ఒక్కటీ వొదల్లేదు." ఆ భయంలో కూడా గొంతులో పనిమంతురాలి గర్వం తొంగిచూసింది.

"నాను ముందే సెప్పినాను కాదేటి మిస్సీ! తోమేస్తాదని!" అంది మరిడమ్మ. ఈసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. వెనకాల ఇంకా ఆరుగురు పిల్లలున్నారు. కర్ఫ్యూలోపల లారీ ఊరు చేరాలంటే నాలుగింటికి కదలాలి. పళ్లెమంతా మళ్లీ మరగాలి. ఆ చిన్న స్టవ్వు మీద ఎప్పటికయ్యేను?

"నీవల్ల మా గుంటడి వొంతు పోతాదే కూర్మీ" అంది మరిడమ్మ. ఆ మాటలో వేళాకోళం లేదు.

మిస్సి గడియారం చూసుకుంది. ఆమెకి కోపం వచ్చింది, మొహం ఎర్రబడింది. కాని తిట్టలేదు. "ఎంత పని చేశావక్కా" అంది. తర్వాత, "చెప్పావు, బతికించావు" అంది.

కూర్మమ్మ ఆ రెండో మాట వినకముందే పరిగెత్తింది. బడి వంటపాకలో పిల్లలకి గంజి కాచే పెద్ద గిన్నె ఉంది. దాన్ని తెచ్చి, వసారా పక్కనే మూడు రాళ్లు పెట్టి, ఎండిన కొబ్బరిడొక్కలూ చిప్పలూ దోపి నిప్పంటించింది. కొబ్బరిచిప్ప మంట స్టవ్వు మంటలాంటిది కాదు. పులిలా లేస్తుంది. మిస్సి పెట్టెలో నీళ్లు ఇంకా చిటపటలాడుతుండగానే కూర్మమ్మ గిన్నె గలగలా తెర్లింది. మిస్సి పనిముట్లన్నీ సబ్బుతో తోమి, బూడిద నలక లేకుండా చూసి, గిన్నెలోకి దించింది. తన గడియారం విప్పి కూర్మమ్మ ముందు పెట్టింది.

"ఈ పెద్ద ముల్లు ఇక్కణ్ణుంచి ఇక్కడికి రావాలి. అందాకా మరుగు ఆగకూడదు. మధ్యలో ఇంకోటి వేస్తే లెక్క మళ్లీ మొదటికి."

"పాలు పొంగకుండా కాసేదాన్ని మిస్సీ. నీళ్లు పొంగేలాగ కాయలేనా?"

గడియారం చూడ్డం ఆమెకి అదే మొదలు. ముల్లు కదలడం కనబడటంలేదు, కాని కదిలిపోతోంది. ఆ వింత చూస్తూ, మంట చూస్తూ అడిగింది. "అందులో ఏటవుతాది మిస్సీ? ఎంగిలి ఎక్కడికి పోతాది?"

మిస్సి పక్కన కూర్చుంది. "నోట్లో పురుగులుంటాయక్కా. కంటికి కనబడవు. ఒక ఎంగిలి చుక్కలో ఈ తోటలో కొబ్బరికాయల కంటే ఎక్కువ. ఒకరి నోట్లోవి ఇంకొకరి నోట్లోకి పోతే రోగం. బూడిద పెట్టి తోమితే కొన్ని పోతాయి, కొన్ని ఉంటాయి. నీళ్లలో కొత్తవి ఎక్కుతాయి, గుడ్డలో ఇంకా కొత్తవి. మరిగితే చచ్చిపోతాయి."

"సచ్చి ఆ నీళ్లల్లోనే ఉంటాయి కదా?"

"ఉంటే ఉండనీ. చచ్చినవి ఎవరి నోట్లోవైతే మనకేం?"

కూర్మమ్మ మంటలోకి ఇంకో చిప్ప దోపింది. కంటికి కనబడని ప్రాణులు, కొబ్బరికాయల కంటే ఎక్కువ, ఆ సలసల మరిగే నీళ్లలో పడి మౌనంగా చస్తున్నాయి. తను ఇన్నేళ్లూ ఎంగిలి అన్నది ఊరికే కాదు, దానికి ఒళ్లుంది, ఆకలుంది. ఎవరూ నమ్మనిదాన్ని ఈ తెల్లగౌను పిల్ల పుస్తకంలో చదువుకుని వచ్చి చెబుతోంది.

"ఆ బజారోడు ఇలగ మరిగిస్తే నా మొగుడు బతికుండునేటి?"

మొదట మిస్సికి ఆ కథంతా చెప్పాల్సి వచ్చింది. విన్నాక ఆ పిల్ల అంది. "తెలీదక్కా. అప్పటికే ఆయన పన్ను కింద చీము ఉండొచ్చు. కాని మరిగించి ఉంటే, ముందువాడి నోట్లోవి ఆయన నోట్లోకి పోయేవి కావు. అది మాత్రం చెప్పగలను."

కూర్మమ్మ తల ఊపింది. ఇన్నేళ్లలో ఎవరైనా ఆమెకి అబద్ధం కలపకుండా చెప్పిన మాట అదొక్కటే.

కుర్చీలోంచి పాపాయి పెదవి లాక్కుని చూసుకుంటోంది. "అమ్మా, నా మూతి లేదే! ఎవులో అట్టుకుపోయినారు!"

"ఉంది లెయ్యే. కూకో" అంది కూర్మమ్మ. ముల్లు చెప్పిన చోటికి వచ్చింది. తను లేచి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పళ్లేనికి రెండు అడుగులు దూరంగా నిలబడింది.

ఈసారి పట్టకారు మెరవలేదు, ఆవిరికి మసకబారి ఉంది. మిస్సి పాపాయి గడ్డం కింద ఎడమచెయ్యి ఆనించి, మణికట్టు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పింది. గుండెల మీద మోకాలు వెయ్యలేదు, తల విరిచి పట్టుకోలేదు. పన్ను వచ్చేసింది, వెనకే చీము. నోరు కడగడానికి కూడా మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లే ఇచ్చింది. దూది పెట్టి కరిచి పట్టుకోమంది. ఇంత కథకి కారణమైన పన్ను పళ్లెంలో చింతగింజంత ఉంది. పాపాయి ఏడవడానికి సిద్ధంగా పెట్టుకున్న మొహాన్ని ఏంచెయ్యాలో తెలీక అలాగే ఉంచుకుంది.

ఆ తర్వాత ఆరుగురికీ స్టవ్వు మీద ఒక జత, కొబ్బరిచిప్పల మంట మీద ఒక జత. ఒకటి నోట్లో ఉంటే ఒకటి మరుగులో ఉంది. మరిడమ్మ గుంటడి వంతు పోలేదు. కాకపోతే కొడుకు ఏడుస్తున్నాడని మరిడమ్మ పళ్లెం మీదికి వంగేసరికి కూర్మమ్మ పిడుగులా అరిచింది. "దూరం! ఉతికిన సీరైతే నాకేటి? మరిగించినావేటే?"

మరిడమ్మ బిత్తరపోయి వెనక్కి గెంతింది. మిస్సి అప్పుడు నవ్వింది, టోపీ ఊడేలా. లారీ నాలుగింటికే కదిలింది.

మర్నాటినుంచి కొట్టాయిలో డబ్బాలన్నీ తోమిన తర్వాత మరిగేవి. కూర్మమ్మకి గడియారం లేదు కనక ఒక పాట కట్టుకుని, అది ఆరుసార్లు పాడేదాకా దించేది కాదు. గొంతు బాగుండేది కాదని తల్లులు చెప్పుకునేవాళ్లు. రంగు దారాలు మాత్రం విప్పలేదు. పురుగులు చచ్చినా మర్యాద మర్యాదే అనుకుందేమో.

పాపాయి మెడని మాత్రం రోజుకి పదిసార్లు తడిమేది. పిల్ల నిద్రపోతున్నా, అన్నం తింటున్నా, నడుస్తున్నా చెయ్యి మెడ మీదికి పోయేది. రెండో రోజుకి జ్వరం తగ్గింది. నాలుగో రోజుకి నిమ్మకాయ గోలీకాయ అయింది. వారానికి రెండు చెంపలూ ఒక్కలాగే ఉన్నాయి. అయినా తడమడం ఆపలేదు. "అమ్మా, మెడ అరిగిపోతాదే" అని పాపాయి విదిలించుకునేది.

మెర్డేకా రోజున బడి ముందు జెండా ఎగరేశారు. లయన్లు ఖాళీ అయ్యాయి. కాగితం జెండాలు, పెద్ద కెటిల్లో పాలటీ, ఒక్కొక్కరికి ఒక బన్ను. మారియప్పన్ కూడా తుపాకీ గోడకి ఆనించి వచ్చాడు. పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, మాస్టారు చెయ్యి పైకెత్తి అరిచాడు. పిల్లలు నోళ్లు బార్లా తెరిచి "మెర్డేకా!" అన్నారు. మళ్లీ అన్నారు. జనమంతా తలలెత్తి, కొత్త జెండా గాలికి విచ్చుకోవడం చూస్తున్నారు. కొందరి కళ్లు తడిశాయి.

కూర్మమ్మ జెండా చూడలేదు. వరసలోకి దూరి పాపాయి ముందు గొంతుక్కూర్చుంది. పిల్ల అరిచినప్పుడల్లా నోరు తెరుచుకుంటోంది. ఎండ సూటిగా లోపలికి పడుతోంది. పన్ను ఉన్న చోట గుంట పూడింది. చిగురు పసిపిల్ల అరికాలులా గులాబీరంగులో, శుభ్రంగా ఉంది. "మెర్డేకా!" అని ఇంకోసారి అరిచింది పాపాయి. కూర్మమ్మ ఇంకొంచెం ముందుకి వంగి, ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని చూసింది.